పెరటి రైలుకి చెక్క స్టేషన్: మన వానకి, మన చెదలకి ఆగేలా కట్టడం ఎలా

పెరట్లో పట్టాలు పరిచి బుల్లి ఇంజన్ తిప్పడం దాకా ఎవరైనా వచ్చేస్తారు. పట్టా పక్కన ఒక స్టేషన్ ఉంటే బాగుండునని అనిపించిన రోజు నుంచి అసలు తిప్పలు మొదలు. షోకేసులో పెట్టే బొమ్మిల్లు వేరు, జూన్ నుంచి అక్టోబరు దాకా ఆరుబయట తడిసే బొమ్మిల్లు వేరు. మాది ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు, పర్లాకిమిడి. నా మొదటి స్టేషన్ ఐస్‌క్రీం పుల్లలతో, పిల్లలు బడికి పట్టుకెళ్లే తెల్ల జిగురుతో కట్టాను. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. శ్రావణం వచ్చేసరికి జిగురు మళ్లీ పాలలా మెత్తబడి, నాలుగు గోడలూ నాలుగు పక్కలకి పడుకున్నాయి. రెండోది గట్టి చెక్కతోనే కట్టాను గానీ నేలకి మేకులు కొట్టి వదిలేశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మర్నాడు దాని పైకప్పు పక్కింటి మునగచెట్టు కింద దొరికింది, మిగతాది దొరకలేదు.

ఇప్పుడు చెప్పబోయేది మూడోదాని గురించి. అది ఇప్పటికీ నిలబడి ఉంది. దాన్ని కట్టేటప్పుడు ఒక్క సంగతే పట్టుకున్నాను: నీళ్లు ఎక్కడ పడతాయి, ఎటు జారతాయి, ఎక్కడ నిలుస్తాయి? ఏ కొలత దగ్గర అనుమానం వచ్చినా మీరూ ఇదే ప్రశ్న వేసుకోండి.

ముందు కొలత తేల్చుకోండి

మా వైపు వాళ్లకి చిన్న రైలంటే గుర్తొచ్చేది ఒక్కటే, నౌపడా నుంచి వచ్చే బండి. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతి వేయించిన ఆ లైను 1900లో మొదలైంది, 1931 నాటికి గుణుపూర్ చేరింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మి.మీ. టెక్కలి, పాతపట్నం దాటి మా ఊరు, ఇక్కణ్ణుంచి కాశీనగర్ మీదుగా గుణుపూర్. 2004లో చిన్న బండి ఆగిపోయింది, 2011కల్లా గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజ్ వచ్చేసింది. నాకు పెరటి రైలు పిచ్చి పట్టిందే ఆ బండి పోయిన బెంగతో. అందుకే నా కొలతలన్నీ దానివే.

పెరటి రైళ్లలో 32 మి.మీ. పట్టా ఒకటి, 45 మి.మీ. పట్టా ఒకటి బాగా వాడుకలో ఉన్నాయి. 762ని 32తో భాగించండి. దాదాపు 24 వస్తుంది. అంటే అసలు దాంట్లో ఇరవై నాలుగో వంతు కడితే లెక్క సరిపోతుంది. ఇందులో ఒక అదృష్టం ఉంది: అడుగుకి సరిగ్గా అరంగుళం. మన వడ్రంగులు అంగుళానికి 8 నూళ్లు లెక్క కడతారు కదా, ఆ లెక్కన 4 నూళ్లు ఒక అడుగు, ఒక నూలు 3 అంగుళాలు. కాలిక్యులేటర్ అక్కర్లేదు, టేపు చూస్తూ ఇల్లు కట్టేయవచ్చు. అయిదున్నర అడుగుల స్టేషన్ మాస్టరు రెండుముప్పావు అంగుళాలు ఉంటాడు.

మీది 45 మి.మీ. పట్టా అయితే రెండు దారులు. రెండున్నర అడుగుల లైనే కావాలంటే పదిహేడో వంతు కట్టాలి, ఇక్కడ నేనిచ్చే ప్రతి కొలతనీ 1.4తో హెచ్చించుకోండి. అలా కాక 1968లో జర్మనీ వాళ్ల బొమ్మరైళ్ల బ్రాండు ఎల్‌జీబీ మొదలుపెట్టిన రకం బండి ఉంటే అది 22.5వ వంతు, మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు దూరం) లెక్క. అప్పుడు నా కొలతలు ఉన్నవి ఉన్నట్టు వాడినా కంటికి తేడా తెలీదు.

కట్టబోయేది ఊరి చివర హాల్టు లాంటిది. ఫలానా స్టేషన్‌కి నకలు కాదు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది ఒకటి, ముందు 5 అడుగుల వసారా, పైన పెంకుల కప్పు. చెక్కలో 6 అంగుళాలు, 5 అంగుళాలు, రెండున్నర అంగుళాలు. కోసే ముందు అట్టముక్కతో ఒకటి చేసి పట్టా పక్కన పెట్టి, మీ దగ్గరున్న అన్నిటికన్నా వెడల్పాటి రైలు పెట్టెను చేత్తో తోసి చూడండి. మలుపు దగ్గర పెడుతుంటే మరీ జాగ్రత్త. మలుపులో పెట్టె నడుము లోపలి వైపుకి, కొసలు బయటి వైపుకి చొచ్చుకొస్తాయి. నేను చూసుకోకుండా కట్టిన ఒక ప్లాట్‌ఫాం అంచుని మా పెట్టెలు చిత్రిక పట్టినట్టు చెక్కేశాయి.

చెక్క

కోత మిల్లుకి వెళ్లక్కర్లేదు, వడ్రంగి దగ్గర పనికిరాక పడున్న టేకు ముక్కలు చాలు. మా వీధి చివర తాత ఒకాయన తలుపులు చేస్తాడు. మొదటిసారి వెళ్లి ముక్కలు ఏరుకుంటుంటే, "ఏటి బాబూ, బొమ్మలకొలువు పెడతావేటి?" అన్నాడు. రైలు స్టేషనుకి తాతా అంటే కాసేపు నవ్వి, నా చేతిలో ఉన్న ముక్క లాక్కుని అవతల పారేశాడు. అది తెల్ల చెక్క, చెట్టు పై పొరది. "చేవున్నది తీసుకో. తెల్లది చెదలకి ఫలారం." ఈ వ్యాసంలో మీరు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఈ మాట గుర్తుపెట్టుకోండి. గోధుమరంగు తిరిగిన చేవ భాగమే వాడాలి. ముక్కలో ఒక పక్క తెల్లగా ఉంటే కోసి తీసేయండి, జాలిపడొద్దు.

ఒడిశా వైపు సాల్ కర్ర సులువుగా దొరుకుతుంది గానీ ఈ పనికి వద్దు. గట్టిదే, అయితే సన్నగా కోస్తే చీలిపోతుంది. మామిడి చెక్క పురుగుకి పోతుంది. బాల్సా, ఐస్‌క్రీం పుల్లలు ఇంట్లో బొమ్మలకి మాత్రమే.

ఆయన చేతే మిషన్ మీద రెండు రకాల బద్దలు కోయించుకోండి: 2 నూళ్ల వెడల్పు, 2 మి.మీ. మందం ఉన్నవి ఓ ముప్పై, 2 నూళ్లు చదరంగా ఉన్నవి నాలుగైదు. మొదటివి గోడ పలకలు, రెండోవి స్తంభాలు, దూలం. పెంకులకి 16 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం బద్దలు ఇంకో ఇరవై రెండు. వీటితోపాటు 6 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ ఒక అడుగు ముక్క, 4 మి.మీ.ది ఇంకో ముక్క. ప్లై మీద ఐఎస్ 710 అని ముద్ర ఉందో లేదో చూసుకోండి, నీళ్లలో మరిగించినా పొరలు విడిపోని రకం అదే. 303 అని ఉన్నది వంటింటి అరలకి సరిపోతుంది, బయట వానకి కాదు.

ఇక ఎప్పుడు కట్టాలి? సంక్రాంతి దాటాక, మాఘ ఫాల్గుణాల్లో. అప్పటికి చెక్క బాగా ఎండి ఉంటుంది, జిగురు తొందరగా పట్టుకుంటుంది. కాకపోతే అప్పుడు బిగుతుగా కూర్చున్నది శ్రావణంలో ఉబ్బుతుంది. చెక్క పొడవు పెద్దగా మారదు, అడ్డంగానే పెరుగుతుంది, తరుగుతుంది. అందుకని పలకకీ పలకకీ మధ్య పోస్టుకార్డు మందం సందు వదలాలి. ఈ సందు లేకపోతే వానాకాలంలో పలకలు ఒకదాన్నొకటి తోసుకుని లేచిపోతాయి.

జిగురు

రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ అన్నిటికన్నా నమ్మకం. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం కాదు, రాత్రంతా ఆరే రకం తీసుకోండి. గోడ పలకల్లాంటి పెద్ద వైశాల్యాలకి నీటికి ఆగే మెరైన్ జిగురు చాలు, డబ్బు కలిసొస్తుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే చోట ముందు గరుకు కాగితంతో రుద్ది, థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరిన వెంటనే జిగురు రాయాలి. ఇది చేయకపోతే ఎంత ఖరీదైన జిగురైనా ఏడాదికల్లా పెచ్చులా ఊడి వస్తుంది. బిగించడానికి బట్టల క్లిప్పులు, రబ్బరుబ్యాండ్లు చాలు.

గోడలు

6 మి.మీ. ప్లైలో రెండు పక్క గోడలు కోయండి. ఒక్కొక్కటి 127 మి.మీ. వెడల్పు, చూరు దగ్గర 114 మి.మీ. ఎత్తు, మధ్యలో శిఖరం దగ్గర 152. ఈ కొలతకి కప్పు వాలు దాదాపు 31 డిగ్రీలు వస్తుంది, పెంకుటింటికి చక్కగా నప్పే వాలు. ముందు గోడ, వెనక గోడ 140 మి.మీ. పొడవు, 114 ఎత్తు. ఇవి పక్క గోడల మధ్యలో ఇరుక్కుంటాయి, అప్పుడు మొత్తం పొడవు సరిగ్గా 6 అంగుళాలు అవుతుంది. ముందు, వెనక గోడల పై అంచుని కప్పు వాలుకి తగ్గట్టు ఏటవాలుగా రాయండి.

తలుపు కంత మూడుంపావు అంగుళాల ఎత్తు, అంగుళంన్నర వెడల్పు. పక్కనే టికెట్ల కిటికీ అరంగుళం చదరం. అతికించక ముందే, ప్లై బల్లపరుపుగా ఉన్నప్పుడే ఈ కంతలు కోసుకోండి. కిటికీలకి అద్దం జోలికి పోవద్దని నా సలహా. లోపల ఆవిరి పట్టి, నాచు మరక పడి, నెలకే మాసిన కళ్లద్దాల్లా కనిపిస్తాయి. సన్నటి బద్దలు వాలుగా పేర్చిన మూసిన కిటికీ తలుపులు పెడితే అందమూ ఉంటుంది, గాలీ ఆడుతుంది.

ప్లై అంచులే అసలు ప్రమాదం. నీళ్లు లోపలికి పోయేది అక్కణ్ణుంచే. కోసిన ప్రతి అంచుకీ, కంతల లోపలి అంచులకి కూడా, వేలితో ఎపాక్సీ పులమండి. చేతికి పాలిథిన్ తొడుగు వేసుకోండి, అది చర్మానికి పడదు. మర్నాడు నాలుగు గోడలూ మూలమట్టం ఆనించి అతికించండి. ఒక మూల తేడా వస్తే కప్పు ఊగుతుంది, తర్వాత ఏం చేసినా సరికాదు.

గోడలు నిలబడ్డాక పలకలు. కింద నుంచి మొదలుపెట్టి అడ్డంగా, ఒక్కొక్క పలక నడిమి గీత వెంబడి మాత్రమే జిగురు రాసి అతికించండి. అంచులకి రాయకూడదు, అవి కదలాలి. కింది పలక ప్లై కన్నా ఒక మి.మీ. కిందకి దిగి ఉండాలి. గోడ మీద జారిన నీటిచుక్క ఆ పెదవి దగ్గర నేలకి రాలిపోతుంది, ప్లై కిందకి పాకదు. నిజం ఇళ్లలో సన్‌షేడ్ కింద మేస్త్రీ గీసే గాడి చేసే పని కూడా ఇదే.

స్తంభాలు

వసారాకి నాలుగు స్తంభాలు, ఒక్కొక్కటి 3 అంగుళాలు. మూడు పెడితే మధ్యది సరిగ్గా తలుపుకి ఎదురుగా వస్తుంది. చిన్న బొమ్మయినా ఇంటి ముందు స్తంభం ఎదురు పెట్టడానికి మా అమ్మ ఒప్పుకోలేదు, నాలుగే మంచిదయింది.

స్తంభం అడుగు భాగాన్ని దగ్గరగా చూడండి. కోసిన ఆ కొన మీద సన్న సన్న రంధ్రాలు కనిపిస్తాయి. చెట్టు నీళ్లు తాగిన గొట్టాలవి. చచ్చిన చెక్క కూడా వాటితో నీళ్లు పీలుస్తూనే ఉంటుంది. అందుకని ఎపాక్సీ కలిపిన సీసా మూతలో ఆ కొనని పది నిమిషాలు నిలబెట్టి, తీసి తలకిందులుగా ఆరనివ్వండి. తర్వాత ఒక మి.మీ. బిట్‌తో కొన మధ్యలో రంధ్రం చేసి ఇత్తడి మేకు దింపండి, తల కోసేసి 4 మి.మీ. బయటికి వదలండి. స్తంభం ఆ మేకు మీద నిలబడుతుంది, రాయికి కాస్త పైన తేలుతున్నట్టు. రెండడుగుల దూరం నుంచి చూస్తే ఆ సందు కనబడదు. ఇనప మేకు మాత్రం వద్దు, టేకుకి ఇనుము తగిలి తడిస్తే నల్ల మరక దిగుతుంది, అది పోదు.

స్తంభాల నెత్తిన 2 నూళ్ల దూలం ఒకటి అడ్డంగా అతికిస్తే వసారా చట్రం తయారు.

కప్పు, పెంకులు

ఓపిక కావాల్సింది ఇక్కడే, నాకు మూడు ఆదివారాలు పట్టింది. 4 మి.మీ. ప్లైలో 178 మి.మీ. పొడవు, 89 మి.మీ. వెడల్పు ముక్కలు రెండు. ఈ కొలతలో చూరు చుట్టూ అరంగుళం, అంటే అసలు లెక్కలో అడుగు, బయటికి వచ్చేస్తుంది. ఇంకా తగ్గిస్తే గోడ తడుస్తుంది. వసారా కప్పుకి 178కి 77 ముక్క ఒకటి, గోడకి 4 అంగుళాల కన్నా కాస్త దిగువన ఆనించాలి. దాని పెంకులకీ పెద్ద కప్పు చూరుకీ మధ్య గాలి ఆడేంత సందు ఉండాలి.

మంగుళూరు పెంకుల వరసలకి 16 మి.మీ. బద్దలు వాడుతున్నాం. ఒక్కొక్క బద్ద మీద ఎనిమిదిన్నర మి.మీ.కి ఒకటి చొప్పున సన్న రంపంతో అర మి.మీ. లోతు గాడి గీయండి, ఒక్కో గడి ఒక పెంకు. చూరు వైపు నుంచి పైకి అతికించుకుంటూ వెళ్లాలి, పై బద్ద కింది బద్ద మీద 3 మి.మీ. ఎక్కాలి. ఒక వాలుకి ఏడు వరసలు పడతాయి. ఒక వరస గాడికి ఎదురుగా పై వరసలో పెంకు మధ్యభాగం రావాలి, ఇంటి కప్పు మీద ఎలా నేస్తారో అలాగే. అన్నీ నిక్కచ్చిగా వచ్చాయా? అయితే రెండు మూడు చోట్ల చాకుతో మూల చిదిమేయండి. ఒక్క పెంకు కూడా పగలని పెంకుటిల్లు ఊళ్లో ఎవరు చూశారు?

శిఖరం మీద మూతకి సన్న వెదురు పుల్లని నిలువునా చీల్చి, లోపల గుజ్జు గీకేసి, ఎపాక్సీతో బోర్లించండి. గుండ్రటి శిఖరపు పెంకుల్లాగే ఉంటుంది, నీళ్లు దిగవు.

పెద్ద కప్పుని గోడలకి అతికించొద్దు. దాని అడుగున, పక్క గోడల లోపలికి ఇరుక్కునేలా రెండు చెక్క దిమ్మలు వేసి, పాత హ్యాండ్‌బ్యాగు బటన్లలో ఉండే చిన్న అయస్కాంతాలు రెండు జతలు, తుప్పు పట్టకుండా ఎపాక్సీ పూసి పెట్టండి. మామూలు గాలికి కదలదు, చేత్తో లాగితే వస్తుంది. లోపల ఎల్‌ఈడీ వైరు మార్చాలన్నా, బల్లి గుడ్లు పెట్టినా, కప్పు తీయక తప్పదు. మా స్టేషన్‌లో ఎర్రచీమలు ఒకసారి పూర్తి సంసారం పెట్టాయి.

రంగు

అవిసె నూనె రాస్తే టేకు నిగనిగలాడుతుంది, నిజమే. కానీ మన చెమ్మలో ఆ నూనె మీద నల్ల బూజు పడుతుంది. రాయాలనే ఉంటే ఒక జాగ్రత్త: నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి పారేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టి అప్పుడు పారేయండి. నా ఓటు మాత్రం వుడ్ ప్రైమర్ ఒక పూత, ఎనామిల్ పల్చగా రెండు పూతలు. పెంకులకి జేగురు రంగు, గోడలకి వెలిసిన పసుపు, తలుపులకి ఆకుపచ్చ. పూర్తిగా ఆరాక బ్రష్షుకి కాస్త మసి అద్ది చూరు కింద, పెంకుల సందుల్లో విదిలించి గుడ్డతో తుడిచేస్తే ముప్పై ఏళ్ల వయసు వచ్చేస్తుంది.

పేరు బోర్డు పసుపు మీద నల్ల అక్షరాలు. రైల్వే లెక్కలో స్థానిక భాష, హిందీ, ఇంగ్లీషు. మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా కాబట్టి నా హాల్టుకి నాలుగు లిపులు. బోర్డు కాస్త పెద్దదైపోయింది. ఒడియా వరస ఎదురింటి పాప రాసిపెట్టింది, నా చేతిరాత చూసి జాలిపడి.

నేల మీద కూర్చోబెట్టడం

మట్టి మీద పెట్టకండి. చెదలు మట్టిలోంచే పైకొస్తాయి. అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు కడప బండ ముక్కని ఇసుక పరిచి, పట్టాకి దూరంగా ఉన్న వైపుకి కొద్దిగా వాలేలా పెట్టండి, నీళ్లు బండి వైపు కాక మొక్కల వైపు పోవాలి. బండ చుట్టూ బెత్తెడు మేర కంకర పోస్తే వాన జల్లుకి మట్టి ఎగిరి గోడల మీద చిందదు. బండ మట్టి కన్నా కనీసం అంగుళం ఎత్తులో ఉండాలి, చెదలు పైకి రావాలంటే రాతి మీద మట్టి గొట్టం కట్టుకోవాల్సిందే. అది కంటికి కనిపిస్తుంది, పుల్లతో గీకేయవచ్చు.

గది నాలుగు మూలల కింద 2 మి.మీ. ఇత్తడి వాషర్లు వేసి గోడలు వాటి మీద నిలబెట్టండి. బండకి రెండు రంధ్రాలు కొట్టించి, కింద నుంచి రెండు స్క్రూలు బిగించేలా చేసుకోండి. బండతో సహా ఎత్తితే బరువే గానీ ఒక్కరే మోయవచ్చు. తుపాను హెచ్చరిక వినగానే నేను చేసే మొదటి పని అదే: స్టేషన్‌ని బండతో ఎత్తి వంటింటి అటక కింద పెట్టడం. ఆ తర్వాతే టార్చిలైటుకి సెల్స్ వెతుక్కోవడం.

ఆవిరి ఇంజన్ నడిపేవాళ్లు స్టేషన్‌ని పట్టా నుంచి ఇంకో రెండంగుళాలు వెనక్కి జరపండి. పొగగొట్టం వేడి నీళ్లూ నూనే చిమ్ముతుంది, పసుపు గోడ మీద ఆ మరకలు అస్సలు పోవు. బ్యాటరీ ఇంజన్ వాళ్లకి ఈ గొడవ లేదు.

వానలు వెనకబట్టాక, దీపావళి అయిన వారంలో ఒక సూది తీసుకుని ప్రతి స్తంభం అడుగునా, కింది పలకల్లోనూ గుచ్చి చూడండి. దిగకపోతే బాగున్నట్టే. మెత్తగా దిగిందంటే ఆ ముక్క మార్చాలి, పక్కదానికి అంటకముందే. ఇప్పటిదాకా నేను మార్చింది ఒక్క స్తంభమే, జల్లు నేరుగా కొట్టే పడమటి చివరిది. ఊడదీసి చూస్తే ఇత్తడి మేకు దింపేటప్పుడు ఎపాక్సీ పొర పగిలినట్టుంది. కొత్తదానికి మేకు ముందు దింపి, కొనని ఆ తర్వాత ముంచాను.